ఇంటి గుర్తు గడిని తీసేసిన రోజు

నేను రిటైరైన రోజు శాలువా కప్పారు, పూలదండ వేశారు, నాలుగు మంచి మాటలు చెప్పారు. ఒకాయన మైకు పట్టుకుని "మన ఆసుపత్రికి కంప్యూటర్లు తెచ్చిన మనిషి సరోజన మేడం" అన్నాడు. కంప్యూటర్లను తెచ్చింది ట్రాలీ ఆటో. నేను చేసిన పని వేరే. అదేమిటో ఆ హాల్లో కూర్చున్న సగం మందికి ఇన్నేళ్లయినా తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. నా కుర్చీలో కూర్చోబోయే వాళ్లకైనా తెలియాలని ఇది రాస్తున్నాను. చదివి విసుక్కోండి, పర్వాలేదు. ఆ కుర్చీలో నేను పడ్డ విసుగు ముందు మీ విసుగెంత?

మాది ఒక ట్రస్టు నడిపే ఆసుపత్రి. పేరు చెప్పను. నార్కట్‌పల్లి నుంచి తిరుమలగిరి దాకా, అటు హుజూర్‌నగర్ పొలాల దాకా మా సిస్టర్లు ఊరూరా తిరుగుతారు. గర్భిణులను చూసి, అడిగి, కనుక్కున్న సంగతులన్నీ చేతిలోని ఫోన్‌లో రాస్తారు. అవి మా గదిలోని సర్వర్‌కు వచ్చి చేరతాయి. ఆ మనిషి నొప్పులతో ఆసుపత్రికి వచ్చిన రోజు, ఎన్నడూ ఆమెను చూడని డాక్టరు ముందు ఆ సంగతులు తెర మీద కనపడాలి. రాసే ప్రోగ్రాము కొన్నేళ్లకోసారి మారుతూ ఉంటుంది. దాన్ని అప్‌డేట్ అంటారు. ఇంటికి సున్నం వేయించేటప్పుడు సామానంతా బయట పెట్టి మళ్లీ లోపల సర్దుకుంటాం చూడండి, అటువంటిదే. గోడలు ఎంత తెల్లగా వచ్చినా, ఒక్క చెంబు కూడా పోకుండా చూసుకోవడమే నా కొలువు. గోడల గురించి చప్పట్లు కొట్టే వాళ్లు ఎంతమందైనా దొరుకుతారు. చెంబుల గురించి అడిగే వాడు ఒక్కడూ దొరకడు.

తెరిచి చూడని డబ్బా

మా బాపు కూలి మనిషి. మిషన్ బడిలో పదో తరగతి చదివి, టైపు నేర్చుకుని, ఆ ఆసుపత్రిలో ఉత్తరాలు కొట్టే పనికి చేరాను. టైపు మిషను పోయి కంప్యూటర్ వచ్చింది. అందరూ దాన్ని ముట్టుకోవడానికి జంకుతుంటే నేను ముట్టుకున్నాను. అంతే, అప్పటి నుంచి ఏ వైరు ఊడినా "సరోజన ఏది?" అనే కేకే. రాత్రి కోర్సులు చదివి డేటాబేస్ నేర్చుకున్నాను. ఇంతకంటే నా గొప్పలు ఏమీ లేవు.

తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. ప్రతి శనివారం సాయంత్రం మొత్తం రికార్డుల నకలు ఒకటి తీసి, వేరే డిస్కులో వేసి, బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. బ్యాకప్ అంటారు దాన్ని. ఎంత శ్రద్ధగా చేసేదాన్నంటే ఆ డిస్కు మీద వారం, తేదీ అంటించి, పక్కన సంతకం కూడా పెట్టేదాన్ని. ఒక ఎండాకాలం సర్వర్ కాలిపోయింది. అందరూ నెత్తిన చేతులు పెట్టుకున్నారు. నేను మాత్రం తాళంచెవి తిప్పుకుంటూ బీరువా దగ్గరికి పోయాను, పెళ్లికొడుకు తల్లిలాగా.

డిస్కు తెరిచాను. ఫైళ్లున్నాయి. పేర్లున్నాయి. లోపల ఏమీ లేదు. ఎప్పుడో ఒక సెట్టింగు మారి, నెలల తరబడి ఖాళీ ఫైళ్లకు తేదీలు అంటించి బీరువాలో దాచాను. వాటి మీద నా సంతకాలు కూడానూ!

సిస్టర్ల దగ్గరున్న పాత రిజిస్టర్లు తెప్పించి, మళ్లీ మొదటి నుంచి కొట్టుకున్నాం. ఎన్ని వారాలు పట్టిందో లెక్క పెట్టలేదు. నన్నెవరూ తిట్టలేదు. తిట్టాలంటే జరిగింది అర్థం కావాలి కదా. ఆ రోజు నుంచి నకలు తీసిన ప్రతిసారీ దాన్ని పక్క కంప్యూటర్‌లో ఎక్కించి, నాలుగు పేర్లు వెతికి చూశాకే తాళం వేశాను. తెరిచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అనకండి. ఇది నాతో పనిచేసిన వాళ్లకు వంద సార్లు చెప్పాను, నూటొకటోసారి మీకు చెబుతున్నాను.

యాదమ్మ కనిపెట్టిన జాగా

ఇక అసలు సంగతి. తిరుమలగిరి వైపు ఊళ్లు చూసే సిస్టర్ పేరు యాదమ్మ. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఒకరోజు ఏదో ఊరి నుంచి ఫోన్ చేసింది.

"అక్కా, ఈడ జ్యోతి అని ఒక పిల్ల ఉన్నది. మొదటి కాన్పుల పెన్సిలిన్ సూది ఏస్తే మొఖమంతా ఉబ్బి ఊపిరాడలేదట. బతుకుడే కష్టమైందట. గిది యాడ రాయాలె? జాగనే లేదు గదా!"

నిజమే, లేదు. పేరు, భర్త పేరు, నెల, బరువు, రక్తం శాతం, ఇలా అన్నిటికీ ఫోన్ తెర మీద గడులున్నాయి. ఏ మందు పడదో రాసుకునే గడి మాత్రం ఆ ప్రోగ్రాము రాసిన మహానుభావులకు తోచలేదు. అది కావాలని హైదరాబాదు కంపెనీకి రెండేళ్లుగా ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. "వచ్చే వెర్షన్‌లో చూద్దాం మేడం" అనేవాళ్లు.

"పేరు పక్కన రాయి సిస్టర్" అన్నాను.

"రాసిన. ఎర్రగైతాంది. తీస్కుంటలేదు."

"మరి ఏ గడి తీస్కుంటది?"

"ఇంటి గుర్తు గడి. దాంట్ల ఏం రాసినా సప్పుడు చేయకుండ తీస్కుంటది."

మా ఊళ్లలో ఇంటి నంబరు ఆ ఇంటి వాళ్లకే తెలియదు. అందుకని 'ట్యాంకు వెనక రేకుల ఇల్లు' అని రాసుకోవడానికి ఆ గడి పెట్టించాం. కొత్త సిస్టరు పోయినా ఇల్లు దొరకాలి కదా.

"అయితే దాంట్లనే రాయి. ఇంటి గుర్తు రాసి, చుక్క పెట్టి, పక్కకు సూది సంగతి రాయి. డాక్టరమ్మలకు నేను చెప్త" అన్నాను.

చెప్పాను కూడా. కాన్పుల వార్డులో ఆ గడి చూడటం అలవాటైంది. ఒక సిస్టర్‌ను చూసి ఇంకో సిస్టర్ నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి అన్ని మండలాల వాళ్లూ అదే దారి పట్టారు. 'బోరింగు ఎదురిల్లు. పెన్సిలిన్ పడదు.' 'చర్చి పక్క సందు. ఫిట్స్ ఉన్నయి.' అందరికీ తెలిసిన పద్ధతి అయిపోయింది. అందరికీ అంటే ఆసుపత్రిలో వాళ్లకు. హైదరాబాదులో ఆ ప్రోగ్రాము రాసే వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ అంటున్నానేమిటి, చెప్పాల్సిన దాన్ని నేనే. ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసి పంపితే అయిపోయేది. పని నడుస్తోంది కదా అని ఊరుకున్నాను. నడిచే పనిని చూసి మురిసిపోయే జబ్బు మా ఆఫీసుల్లో ప్రతి ఒక్కరికీ ఉంది, నాకు రెండింతలు ఉంది.

మంచి ఘడియ

నాలుగేళ్లకు ఆ 'వచ్చే వెర్షన్' రానే వచ్చింది. కంపెనీ తరఫున ప్రవీణ్ అనే అతను వచ్చాడు. పాలమూరు మనిషి, నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు. అతని మీద నాకు కోపం లేదని ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత అందరూ అతని మీదే పడ్డారు.

నేను అడిగింది ఒక్కటే. ఆదివారం చేద్దాం, ఓపీ ఉండదు. అంతకు ముందు నకలు మీద ఒకసారి మొత్తం అప్‌డేట్ చేసి, వార్డు సిస్టర్లను కూర్చోబెట్టి, పాత రికార్డులు పది తీసి చూపిద్దాం. వాళ్లు బాగుందన్నాకే అసలు దాని మీద చెయ్యి వేద్దాం.

మా పెద్ద సారు, అంటే ట్రస్టు తరఫున ఆసుపత్రిని నడిపే ఆయన, నా మాట పూర్తి కానివ్వలేదు.

"ఆదివారం మంచిగ లేదు సరోజనా. అయ్యగారిని అడిగిన. గురువారం పొద్దుగాల పదిన్నరకు మంచి ఘడియ ఉన్నది. హైదరాబాద్ నుంచి పెద్దమనిషి వస్తుండు. ఆయన చేతుల మీద బటన్ నొక్కిపిద్దాం."

"సార్, గురువారం పదిన్నరకు ఓపీ నిండుగ ఉంటది."

"ఉంటే మంచిదే గదా. అందరు చూస్తరు."

"నకలు మీద ఒకసారి చేసి చూడాలె సార్. దానికి మూడు రోజులన్న కావాలె."

"అన్నిటికి నువ్వు భయపడతవు. ప్రవీణ్ ఉన్నడు గదా, ఏం ఫికర్ లేదు."

నా ఒళ్లు మండింది. కడుపులో బిడ్డ ఘడియ అడిగి రాదని తెలిసిన ఆసుపత్రి అది. అక్కడ ఒక కంప్యూటర్ ప్రోగ్రాముకు ముహూర్తం! సరే, ఆయన నమ్మకం ఆయనది. ముహూర్తం పెట్టుకోండి, ఆ ముహూర్తానికి పని సిద్ధంగా ఉంటేనే బటన్ నొక్కండి అనే కదా నేను చెప్పింది. తేదీ ముందు, పని వెనక అయితే పని ఎప్పుడూ నష్టపోతుంది. ఇన్నేళ్లలో ఇది మారగా నేను చూడలేదు.

బుధవారం గది అలంకరించాలన్నారు. సర్వర్ గదికి మామిడి తోరణాలు కడతారట, ఆ రోజు నేను అక్కడ కూర్చోకూడదట. అందుకని చివరి నకలు మంగళవారం సాయంత్రమే తీసుకున్నాను. తీసి, తెరిచి, చూసి, దాచాను. గురువారం పసుపు కుంకుమ సర్వర్ పెట్టెకు పెట్టారు. నేను ఆదివారం చర్చికి పోయే మనిషిని, అయినా కొబ్బరికాయ నా చేతికే ఇచ్చారు. నీళ్లు కరెంటు బోర్డు మీద పడకుండా గడప అవతల కొట్టి వచ్చాను. పెద్దమనిషి బటన్ నొక్కాడు. ఫోటోలు తీశారు. లడ్డూలు పంచారు.

ఇంతవరకూ పెద్ద సారును తిట్టాను. ఇప్పుడు నా వంతు.

అంతకు వారం ముందు, ఈ తేదీ గొడవలో తలనొప్పితో కూర్చున్న రోజు, ప్రవీణ్ ఒక జాబితా తెచ్చాడు. కొత్త వెర్షన్‌లో కలిపే గడులు, తీసేసే గడులు. 'ఏ మందైనా పడదా' అన్న గడి కలుపుతున్నారు. ఆరేళ్లుగా అడుగుతున్నది వచ్చిందని సంబరపడ్డాను. కిందికి చదువుకుంటూ పోతూ అతను ఆగాడు.

"ఇంటి గుర్తు. మేడం, ఇప్పుడు ఫోన్ల మ్యాపే వస్తది గదా. ఇది అక్కర లేదు. తీసేద్దామా?"

"తీసెయ్యి" అన్నాను. కింద సంతకం పెట్టాను.

నమ్మండి నమ్మకపోండి, ఆ క్షణంలో నాకు ఇంటి గుర్తంటే ఇంటి గుర్తే గుర్తొచ్చింది. యాదమ్మ ఫోన్ గుర్తు రాలేదు. నాలుగేళ్లుగా ఆ గడిని రోజూ చూసేది సిస్టర్లు, వార్డు వాళ్లు. నేను చూడలేదు. ఆ గడిలో ఏమున్నాయో ఒక పది తెరిచి చూసి ఉంటే చాలు. చూడలేదు.

శనివారం పొద్దున

మూడో రోజు పొద్దున తొమ్మిది దాటింది. నేను టీ గ్లాసు చేతిలోకి తీసుకుంటుండగా యాదమ్మ ఫోన్ వచ్చింది.

"అక్కా, గా సూది పడని జ్యోతికి, మూడో కాన్పు, నొప్పులు ఎక్కువైతే మన జీపుల పంపిన. ఇప్పటికి వచ్చే ఉంటది. రాసింది ఉన్నదా లేదా అని ఇప్పుడు ఫోన్ల తీసి చూసిన. లేదక్కా! ఇంటి గుర్తే లేదు. కొత్త గడిల 'మందు పడదా' అన్న కాడ 'లేదు' అని ఉన్నది. నేను గట్ల రాయలేదక్కా, ఒట్టు. వార్డుకు ఫోన్ చేస్తే ఎత్తుతలేరు. జర బిరాన పో!"

నేను గ్లాసు ఎక్కడ పెట్టానో తెలియదు. మా గది నుంచి కాన్పుల వార్డుకు మధ్యలో పెద్ద ఆవరణ. నా మోకాళ్లు అప్పటికే మంచివి కావు. ఒక చెప్పు దారిలోనే ఊడిపోయింది. జనం తప్పుకుని చూస్తున్నారు. 'దేవా, ఇంకొక్క నిమిషం' అనుకుంటూనే పరుగెత్తాను.

బిడ్డ అడ్డం తిరిగిందని డాక్టరమ్మ ఆపరేషన్‌కు రాసేసింది. ఆపరేషన్‌కు ముందు ఇచ్చే పెన్సిలిన్ జాతి సూది మందు ట్రేలో సిద్ధంగా ఉంది. జ్యోతి చేతిని పట్టుకుని వార్డు సిస్టర్ నరం వెతుకుతోంది.

"ఆగు! ఆ సూది ఆమెకు పడదు!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

డాక్టరమ్మ ఇటు తిరిగింది. "మందులకే కొత్త గడి వచ్చింది కదా సరోజన గారూ, దాంట్లో లేదు అని ఉన్నది. నేను స్వయంగా చూశాను."

"అది తప్పమ్మా. తెర తప్పు. మొదటి కాన్పులో ప్రాణం మీదికొచ్చింది."

"నిన్ను అడిగితిని గదమ్మా" అని జ్యోతి మొహంలోకి చూసింది వార్డు సిస్టర్. "ఏ మందన్న పడదా అంటే ఏమంటివి?"

నొప్పుల మధ్య ఆ పిల్ల మాట కూడబలుక్కుంది. "రాసే ఉన్నది అంటిని గదా సిస్టర్. యాదమ్మ సిస్టర్ నా ముంగటనే రాసింది."

అప్పుడు అర్థమైంది నాకు, ఎంత ఘోరం చేశామో. రాసి ఉందని ఆమె నమ్మింది. రాసి ఉన్నదాన్ని వీళ్లు నమ్మారు. ఇద్దరి నమ్మకానికీ మధ్యలో ఉన్నది నా సర్వర్.

మందు మార్చారు. గంటకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. నేను వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఎవరో నా రెండో చెప్పు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టారు.

లేదు వేరు, తెలియదు వేరు

ప్రవీణ్‌కు ఫోన్ చేశాను. సంగతి మొత్తం చెప్పాను.

"మేడం, ఆ గడి ఖాళీగ ఉంటే కొత్త ప్రోగ్రాం తీసుకోదు. అందుకని పాతోళ్లకందరికి 'లేదు' అని పెట్టినం. అందరు గట్లనే చేస్తరు."

అందరూ అలాగే చేస్తారు. మీరూ చేస్తారు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను. ఖాళీ గడి నిజాయితీగలది, నాకు తెలియదు అంటుంది. దాన్ని చూసిన సిస్టర్ రోగిని అడుగుతుంది, గట్టిగా అడుగుతుంది. ఎవరినీ అడగకుండా మనం నింపిన 'లేదు' అబద్ధం. దానికి డాక్టరు తెర మీద నిజంతో సమానమైన అక్షరాలు, అదే రంగు, అదే సైజు. ప్రోగ్రాముకు ఖాళీ నచ్చదని మనుషుల గురించి అబద్ధాలు రాసిపెట్టే హక్కు మనకెవరిచ్చారు?

పెద్ద సారు గదికి పోయాను. ప్రోగ్రాము ఆపుదాం, లేకపోతే కనీసం ఆ గడిలోని 'లేదు'లన్నీ ఇప్పుడే తీసేసి 'తెలియదు' అని పెడదాం అన్నాను.

"మెల్లగ మాట్లాడు. పెద్దమనిషి వచ్చిపోయి మూడు రోజులు కాలే. పేపర్ల ఫోటో పడ్డది. ఇప్పుడు దాంట్ల తప్పున్నదంటే ఎట్లుంటది?"

"ఆ పిల్ల సచ్చిపోతే ఎట్లుండునో అది చెప్పున్రి సార్."

"సావలేదు గదా! సోమవారం కంపెనీ వాళ్లను పిలిచి కూసుందాం. అన్నిటికాడ తెలియదు, తెలియదు అని పెడితే చూసినోళ్లు ఏమంటరు? మన ఇజ్జత్ పోదా?"

"పోనియ్యున్రి" అని వచ్చేశాను. ఆయన పిలుస్తున్నా వెనక్కి తిరగలేదు.

సోమవారం దాకా ఎంతమంది కాన్పుకు వస్తారో ఆయనకు తెలుసా? నాకు తెలుసు. గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. అప్పుడు కూడా ముందు నకలు మీదే చేసి చూశాను. పెద్ద సారు మనిషి తలుపు కొడుతున్నాడు, అయినా పది నిమిషాలు నకలు మీద చేసి, సరిగ్గా వచ్చిందని చూసుకుని, అప్పుడు అసలు దాని మీద చేశాను. గురువారం నుంచి సిస్టర్లు అడిగి రాసిన వాటిని ముట్టలేదు. వాటికి ముందరి రికార్డులన్నిటిలోనూ 'లేదు' బదులు 'తెలియదు, అడగండి' అని వచ్చింది. తలుపు తీసి, వార్డుకు పోయి సిస్టర్లకు చెప్పి వచ్చాను. మొత్తం సర్వీసులో పై వాళ్ల అనుమతి లేకుండా నేను చేసిన పని అదొక్కటే. దానికి మాత్రం నేను సిగ్గుపడను.

సాయంత్రానికి ప్రవీణ్ వచ్చాడు. మంగళవారం నకలును మొత్తం తిరిగి ఎక్కించేద్దాం అన్నాడు. భయంలో ఉన్న మనిషికి మొదట తట్టేది అదే.

"ఎక్కిస్తే ఆ తర్వాత రాసినయన్ని పోతయి గదా. పుట్టిన పిల్లలు నీ కోసం మల్ల పుడతరా ప్రవీణ్?" అన్నాను.

ఆ పాత నకలును పక్క కంప్యూటర్‌లో ఎక్కించాం. అందులోంచి ఇంటి గుర్తు గడి ఒక్కదాన్నే, రోగి నంబరుతో సహా బయటికి తీశాం. సిస్టర్లందరినీ పిలిపించి, ఎవరి ఊళ్లవి వాళ్లతో చదివించి, కొత్త గడిలో ఒక్కొక్కటే రాయించాం. చదువుతుంటే తల గోడకు కొట్టుకోవాలనిపించింది. 'ఊరి చివర ఇల్లు. ఎర్ర గోలీ పడదు.' ఏ ఎర్ర గోలీ తల్లీ? 'కుక్క కరుస్తది, పైలం.' 'మామ కోపిష్టి, పొద్దుగాలనే పోవాలె.' నవ్వు కూడా వచ్చింది, అబద్ధమెందుకు. నాలుగేళ్లలో ఆ ఒక్క గడిలోకి మా ఊళ్లన్నీ వచ్చి కూర్చున్నాయి. అక్కర లేదని నేను సంతకం పెట్టింది దాని మీద.

తోరణాలు కట్టిన బుధవారం నుంచి గురువారం బటన్ నొక్కేదాకా ఆ గడిలో రాసినవి మాత్రం ఏ నకలులోనూ లేవు. అప్పుడు చూసిన వాళ్లందరి ఇళ్లకూ సిస్టర్లు ఎండలో మళ్లీ తిరిగారు. యాదమ్మ నాతో రెండు వారాలు సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు తనే వచ్చి నా డబ్బాలోంచి అన్నం తీసుకుని తిన్నది. అది ఆమె పద్ధతి.

ఎవరి సంతకం

సోమవారం అందరూ కూర్చున్నారు. పెద్ద సారు ప్రవీణ్ మీద విరుచుకుపడ్డాడు. గడి తీసెయ్యమని నీకు ఎవరు చెప్పారు, మీ కంపెనీని మార్చేస్తాం అన్నాడు. ప్రవీణ్ తల దించుకుని కూర్చున్నాడు. అతని సంచిలో నా సంతకం ఉన్న జాబితా ఉంది. అతను దాన్ని బయటికి తీయలేదు. నా వైపు చూడనైనా చూడలేదు.

రెండు నిమిషాలు నేను కూడా నోరు మూసుకున్నాను. అది కూడా చెప్పాలి మీకు. ఇంకో రెండేళ్లలో రిటైర్మెంటు, ఇంత మంచి పేరు, ఎందుకొచ్చిన గొడవ అని నా మనసు లెక్కలు వేసింది.

తర్వాత లేచాను. "ప్రవీణ్ నన్నడిగిండు సార్. తీసెయ్యి అన్నది నేను. సంతకం నాది. ఆ గడిల మందుల సంగతి రాయమని సిస్టర్లకు చెప్పింది గూడ నేనే. అతనికి చెప్పనిది నేనే."

పెద్ద సారు నా వైపు తిరిగాడు. "ఇన్ని తెలిసిన దానివి, గా గడి గూడ చూసుకోవా?" అన్నాడు. ఆయనతో నాకు వంద తగాదాలున్నాయి కానీ ఆ ప్రశ్న మాత్రం న్యాయమైనది. కూర్చున్నాను.

జ్యోతిని ఇంటికి పంపే రోజు ఆమె బిడ్డను ఎత్తుకుని, యాదమ్మ వెంట మా గదికి వచ్చింది. తోరణాలు ఎండి ఇంకా గుమ్మానికే వేలాడుతున్నాయి. ఆ పిల్లకు చదువు రాదు. గడప దగ్గరే నిలబడింది.

"అమ్మా, నా సూది సంగతి రాసిన్రా?"

"రాసినం బిడ్డా."

"యాడ రాసిన్రో జర చూపియ్యి."

ఆమె రికార్డు తెరిచి, తెర ఆమె వైపు తిప్పాను. 'పడదు' అన్న మాట మీద నా వేలు పెట్టి చూపించాను. ఆమె బిడ్డను ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని, నా వేలు తీయించి, అక్కడ తన వేలు పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది.

"మల్ల తీసెయ్యరు గదా?" అని అడిగింది.

తీసెయ్యం అని అనలేకపోయాను. నేను రెండేళ్లకు పోతాను, ప్రోగ్రాము మళ్లీ మారుతుంది, మళ్లీ ఎవరో ఒక జాబితా తెచ్చి ఏదో ఒక గడి మీద వేలు పెట్టి అక్కర లేదు కదా అంటారు. ఆ పిల్లకు అబద్ధం ఎట్లా చెప్పను? బిడ్డ తల నిమిరాను. జ్యోతి ఇంకా జవాబు కోసం నిలబడే ఉంది. యాదమ్మే ఆమెను భుజం పట్టుకుని తీసుకుపోయింది.

ఇప్పుడు ఆ కుర్చీలో మీరున్నారు. ఆమె అడిగింది మిమ్మల్నే.